తాపము, తేజము, పలుచపొర సౌరఘటము
ఆచార్య సూరి భగవంతం స్మారకోపన్యాసము



ఆచార్య సూరి భగవంతం గారి పేరిట జరుగు ఈ స్మారకోపన్యాసమునకు నన్ను నియోగించిన నిర్వాహకులకు ముందుగా నా కృతజ్ఞతను విన్నవించుకొనుచున్నాను. కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో 1909లో జన్మించి, హైదరాబాదు నిజాం కళాశాలలో చదువుకొని, రామన్ ఫలితము లోకమునకు వెల్లడియైన 1928వ సంవత్సరముననే కలకత్తా చేరి సర్ సి. వి. రామన్ గారి చెంత పరిశోధనకు కూర్చుండి, 1932లో వాల్తేరునకు వచ్చి ఆంధ్ర విశ్వవిద్యాలయమున భౌతికశాస్త్ర పరిశోధనను పాదుకొలిపి, తరువాత ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు వైస్ ఛాన్సలరుగను, బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్సుకు డైరెక్టరుగను, భారత రక్షణమంత్రికి వైజ్ఞానిక సలహాదారుగను పనిచేసి, 1989లో కీర్తిశేషులైన ఆ మహనీయుని జీవితము మీలో పెక్కుమందికి తెలిసినదే. ఆ పదవులకంటె నాకు ఎక్కువ ప్రియమైనవి ఆయన గ్రంథములు. కాంతి పరిక్షేపణమును గూర్చి 1940లో ఒకటియు, టి. వెంకటరాయుడు గారితో కలిసి సమూహ సిద్ధాంతమును భౌతిక సమస్యలకు అన్వయించుచు 1948లో ఒకటియు వ్రాసిరి. స్ఫటికములోని అణువుల అమరికకును, ఆ స్ఫటికము మీద పడి చెదరిన వెలుతురునకును గల సంబంధమును గణితభాషలో విప్పి చెప్పుటయే ఆయన శాస్త్రజీవితములోని ప్రధానసూత్రమని నా అభిప్రాయము.

ఆయన చూచిన వెలుతురు వార్తాహరి. పదార్థములోనికి ప్రవేశించి, అణువులు ఎట్లు కూర్చుండియున్నవో, ఎట్లు కంపించుచున్నవో తెలిసికొని, ఆ వార్తను మోసికొని వెలుపలికి వచ్చును. నేటి నా విషయమైన పలుచపొర సౌరఘటములలో అదే వెలుతురు వార్తాహరిగా మాత్రమే నిలువక కర్తగాకూడ మారుచున్నది. తాను చూడవచ్చిన అమరికను తానే మార్చుచున్నది. వేడియు అట్లే చేయుచున్నది. ఒక పదార్థములో వెలుతురు చేసిన హానిని వేడి మాన్పుచుండగా, వేరొక పదార్థములో వేడి తెచ్చిన మాంద్యమును వెలుతురు తొలగించుచున్నది. కావున పలుచపొర ఘటము యొక్క దక్షతను చెప్పునపుడు అది అంతవరకు అనుభవించిన వేడి వెలుతురుల చరిత్రను కూడ చెప్పనిచో ఆ సంఖ్యకు అర్థము లేదని నేడు మీ యెదుట స్థాపింపదలచినాను.

1

ఈ సభలో భౌతికశాస్త్రము చదువనివారును ఉన్నారు గనుక పలుచపొర యనగా నెంత పలుచనో మొదట చెప్పెదను. మన ఇండ్ల కప్పులమీద సాధారణముగా కనిపించు స్ఫటిక సిలికాన్ ఫలకములలోని బిళ్ల మందము 150 మొదలు 180 మైక్రోమీటర్లవరకు ఉండును. మీటరులో పదిలక్షవ వంతు ఒక మైక్రోమీటరు. కాడ్మియం టెల్యురైడ్ పొర రెండు మొదలు నాలుగు మైక్రోమీటర్లు. రాగి, ఇండియం, గాలియం, సెలీనియంల సమ్మేళనపు పొర రెండు మైక్రోమీటర్లు. అస్ఫటిక సిలికాన్ పొర మైక్రోమీటరులో మూడవ వంతు మాత్రమే. సిలికాన్ బిళ్లను అతిశుద్ధమైన కడ్డీనుండి కోయుదురు. పలుచపొరను కోయుట యుండదు. గాజుమీదనో లోహపు రేకుమీదనో ఆవిరి రూపమున, వాయు రూపమున, ద్రావణ రూపమున వేయుదురు. వేగముగ వచ్చి పడిన అణువులకు తమతమ స్థానములను వెదకికొను తీరిక లేదు. అందువలన పొర నిండ చిన్నచిన్న రేణువులు, వాటి మధ్య సరిహద్దులు, ఖాళీలు, తెగిన బంధములు, పరాయి అణువులు మిగిలిపోవును. వెలుతురువలన విడివడిన ఎలక్ట్రాను వెలుపలి తీగను చేరకముందే ఇట్టి లోపమొకదానిలో చిక్కి తన జతను మరల కలిసికొన్నచో, ఆ వెలుతురు మనకు విద్యుత్తు కాక వ్యర్థముగ వేడియై పోవును.

వేసిన పొరను వేడిచే సరిదిద్దవలెనను సత్యము ఎంత పాతదో చూడుడు. 1873లో విలోబీ స్మిత్ సెలీనియం కడ్డీల నిరోధము వెలుతురులో తగ్గుటను ప్రకటించెను. 1876లో ఆడమ్స్, డే అను ఇరువురు అదే సెలీనియంనుండి వెలుతురుచేతనే విద్యుత్తు పుట్టుటను కనుగొనిరి. 1883లో న్యూయార్కులో చార్లెస్ ఫ్రిట్స్ లోహపు పలకమీద సెలీనియంను పలుచగా పరచి, పైన బంగారు రేకును కప్పి ఘటమును నిర్మించెను. ఆ ఘటము దక్షత నూటికి ఒక వంతుకూడ లేదు. కాని దానిలోని సెలీనియం కరగి చల్లారిన గాజువంటి స్థితిలోనే ఉండిపోయినచో అదియు లభించియుండదు. ద్రవీభవన స్థానమైన 221 డిగ్రీలకు లోపల వేడిచేసి బూడిదవన్నె స్ఫటికముగా మార్చినప్పుడే సెలీనియంకు వెలుతురునెడల సున్నితత్వము వచ్చును. మొదటి పలుచపొర ఘటముననే పొరను వేయుట సగము పనియు, దానిని కాచుట మిగిలిన సగమునై యుండెనన్నమాట.

2

ఇక నా వాదమునకు ఆయువుపట్టైన అస్ఫటిక సిలికాన్ వృత్తాంతమునకు వచ్చెదను. దీనియెడ కొంచెము తడవు నిలువవలసియున్నది.

1975లో స్కాట్లండులోని డండీ విశ్వవిద్యాలయమున స్పియర్, లెకోంబర్ అను శాస్త్రజ్ఞులు, అస్ఫటిక సిలికాన్‌లోకూడ స్వల్పముగ పరాయి మూలకములను కలిపి వాహకతను ఇచ్చవచ్చినట్లు మార్చవచ్చునని నిరూపించిరి. మరుసటి యేట అమెరికాలోని ఆర్.సి.ఏ. ప్రయోగశాలలో కార్ల్‌సన్, వ్రాన్‌స్కీ అనువారు ఆ పదార్థముతో 2.4 శాతము దక్షతగల ఘటమును చేసిరి. సిలేన్ వాయువును విద్యుదుత్సర్గముచే విచ్ఛిన్నము చేసి, రెండువందల డిగ్రీల చిల్లర వేడిమిగల పలకమీద వేసిన ఆ పొరలో నూటికి పదివంతుల ప్రాంతమున హైడ్రోజన్ చేరియుండును. తెగిన సిలికాన్ బంధములకు ఆ హైడ్రోజనే మూత. అది లేని అస్ఫటిక సిలికాన్ ఘటమునకు పనికిరాదు.

1977లో అదే ప్రయోగశాలలో స్టేబ్లర్, వ్రాన్‌స్కీ అను ఇరువురు ఒక విచిత్రమును గమనించిరి. బలమైన వెలుతురులో కొన్ని గంటలుంచిన పొర యొక్క వాహకత చీకటిలో కొలిచినపుడు వేల రెట్లు పడిపోయినది. వెలుతురులోని వాహకతయు తగ్గినది. ఆ పొరనే 150 డిగ్రీలకు పైగా కొంతసేపు కాచగా పూర్వస్థితి మరల వచ్చినది. మరల వెలుతురులో ఉంచగా మరల పడినది. ఎన్నిసార్లు చేసినను అంతే. వెలుతురునే ఆహారముగా గొని జీవించుటకు పుట్టిన ఘటము వెలుతురు సోకిన తొలి గంటలనుండియే క్షీణించుట ఆ రంగమున కృషిచేయువారినెల్ల కలతపెట్టినది. కొత్త ఘటములు తమ తొలి దక్షతలో నూటికి పది మొదలు ముప్పది వంతులవరకు కోల్పోయి, పిమ్మట నిలకడకు వచ్చుచుండెను.

కారణమేమి? వెలుతురు తన శక్తితో బంధమును నేరుగా తెంచుచున్నదని ఎవరికైనను మొదట తోచును. అది సరికాదని ఒక అందమైన ప్రయోగము తేల్చినది. విద్యార్థులారా, దీనిని శ్రద్ధగా వినుడు; ప్రయోగమనగా నెట్లుండవలెనో దీనినిబట్టి తెలియును. ఘటమును పూర్తిగా చీకటిలో ఉంచి, వెలుపలినుండి అనుకూలదిశలో విద్యుత్ప్రవాహమును పంపిరి. అప్పుడును అదే క్షీణత కలిగినది. వెలుతురులోనే ఉంచి వ్యతిరేకదిశలో వోల్టేజినిచ్చి, పుట్టిన ఎలక్ట్రానులను వాటి జతలను కలిసికొననీక లాగివేసిరి. అప్పుడు క్షీణత అణగినది. అనగా దోషము వెలుతురుది కాదు. ఎలక్ట్రాను మరల తన జతతో కలిసికొనునపుడు వెలువడు శక్తిది. ఆ శక్తి బలహీనమైన సిలికాన్ బంధములను విడదీయుచున్నది. చెంతనున్న హైడ్రోజన్ కదలి, విడిపోయిన కొనలు మరల కలియకుండ చేయుచున్నది. ఇట్లు పుట్టిన కొత్త లోపముల సంఖ్య కాలము యొక్క ఘనమూలమును అనుసరించి పెరుగునని 1985లో స్టుట్స్‌మన్, జాక్సన్, త్సాయ్ అనువారు చూపిరి. ఘనమూలమనగా తొలి గంటలలో వేగము, తరువాత మాంద్యము. ఎనిమిది రెట్లు కాలము గడిచినగాని లోపములు రెట్టింపు కావు.

కారణము తెలియగానే చికిత్సయు తెలిసినది. ఎలక్ట్రాను తన జతను మరల కలియుట, అనగా పునస్సంయోగము, హేతువైనచో, దానికి అవకాశమును తగ్గింపవలెను. పొరను మరింత పలుచన చేసినచో లోపలి విద్యుత్ క్షేత్రము బలపడి ఎలక్ట్రానులను వేగముగా వెలుపలికి లాగును. పలుచనైన పొర విడిచిపెట్టిన వెలుతురును పట్టుటకు దాని క్రింద రెండవ ఘటమును పేర్చవచ్చును. పొరను వేయునపుడు సిలేన్‌తో హైడ్రోజన్‌ను ఎక్కువగా కలిపి, స్ఫటికత్వము ఆరంభమగు హద్దువరకు తీసికొనిపోయి ఆపినచో, క్షీణత తక్కువగు పొర వచ్చును. ఆ హద్దును కనిపెట్టుట ఎట్లు? ఇచ్చటనే భగవంతం గారి విద్య మనకు తోడు వచ్చుచున్నది. రామన్ వర్ణపటములో అస్ఫటిక సిలికాన్ సెంటీమీటరునకు 480 తరంగముల చెంత వెడల్పాటి గుట్టగాను, స్ఫటిక సిలికాన్ 520 చెంత సన్నని శిఖరముగాను కనిపించును. రెండింటి పాళ్లను చూచి పొర ఏ స్థితిలోనున్నదో చెప్పవచ్చును. 1928లో కలకత్తాలో మొలకెత్తిన జ్ఞానము ప్రపంచమునందలి ప్రతి పలుచ సిలికాన్ ప్రయోగశాలలోను నిత్యోపకరణమైనది.

వేడి సంగతి మరువరాదు. ఆరుబయట నిలిపిన అస్ఫటిక సిలికాన్ ఫలకముల దక్షత శీతకాలమున తగ్గి వేసవిలో పెరుగుట పలుదేశములలో గమనింపబడినది. వేసవి వెలుతురులోని రంగుల పాళ్లు దానికి కొంత కారణము. ఫలకము కాగినపుడు తెగిన బంధములలో కొన్ని తమంత తామే మరల అతుకుకొనుట మరియొక కారణము. మండుటెండ వస్తువునెల్ల పాడుచేయునను మన నమ్మకమునకు విరుద్ధముగ, ఆ ఫలకమునకు వేసవి వైద్యకాలమగుచున్నది. చలిదేశములలోకంటె ఉష్ణదేశములలో అది మెరుగైన స్థాయిలో నిలకడ చెందును.

3

కాడ్మియం టెల్యురైడ్ విషయములో ప్రధానపాత్ర వేడిది.

ఈ పొరను సాధారణముగా 500 డిగ్రీలకు పైబడిన వేడిమిలో ఆవిరి నుండి గాజుమీద వేయుదురు. అట్లు వేసినది వేసినట్లే వాడినచో దక్షత బహుస్వల్పము. దానిమీద కాడ్మియం క్లోరైడును పూసియో, ఆవిరిగా తాకించియో, ప్రాణవాయువున్న గాలిలో 400 డిగ్రీల ప్రాంతమున అరగంటకు మించకుండ కాచినచో, అదే పొర పదిశాతమును సునాయాసముగ దాటును. కుమ్మరి సారెమీదనుండి దించిన కుండ చూపునకు కుండయే యైనను, ఆవములో కాలినగాని నీరు నిలువదు. ఈ పొరయు అంతే. 1993లో దక్షిణ ఫ్లోరిడా విశ్వవిద్యాలయమున 15.8 శాతమును సాధించిన బ్రిట్, ఫెరెకిడిస్ అనువారి ఘటము మొదలు నేడు 22 శాతమునకు పైబడిన ఘటములవరకు ఈ క్లోరైడు చికిత్స పొందని కాడ్మియం టెల్యురైడ్ ఘటము చెప్పుకొనదగినది ఒకటియు లేదు.

ఆ అరగంటలో జరుగునది ఒకటి కాదు. చిన్నరేణువులు కలిసి పెద్దవియగును; ఒకే దిశకు ఒరిగియున్న రేణువులు దిశలు మార్చుకొనును; క్రిందనున్న కాడ్మియం సల్ఫైడ్ పొరలోని గంధకము కొంత పైకిని, టెల్యురియం కొంత క్రిందికిని పాకి, రెండు పొరల సంధి మృదువగును. వీటికన్నింటికంటె ముఖ్యమైనది క్లోరిన్ రేణువుల సరిహద్దులలో చేరుట. ఎలక్ట్రానులను మింగు గోతులుగా ఉండవలసిన ఆ సరిహద్దులు క్లోరిన్ చేరగానే తమ విద్యుత్ స్వభావమును మార్చుకొని, ఎలక్ట్రానులను విడదీసి మోసికొనిపోవు కాలువలుగా పనిచేయుచున్నవని 2014లో ప్రకటితమైన సూక్ష్మదర్శిని పరిశోధనలు తెలిపినవి. దోషస్థానము గుణస్థానమగుట ఇంత స్పష్టముగ మరియొకచోట కనబడదు.

అయితే వేడిమి పదిపదునైదు డిగ్రీలు హెచ్చినను, కాలము కొంత మించినను, పొర బొబ్బలెక్కి గాజునుండి ఊడివచ్చును. ఈ పనిని స్వయముగా చేయు విద్యార్థులకు ఒక హెచ్చరిక అవసరము. కాడ్మియం క్లోరైడు విషము, నీటిలో సులభముగ కరగును, శ్వాసలోనికి పోరాదు. లివర్‌పూల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2014లో దీనికి బదులుగ మెగ్నీషియం క్లోరైడును వాడి సమానమైన ఫలితమును పొందిరి. సముద్రజలమునుండి తీయు ఆ లవణమును తూర్పు ఆసియాలో సోయాపాలను విరిచి పెరుగుబిళ్లలు చేయుటకు వాడుదురు, అంత నిరపాయకరము. పరిశ్రమ దానిని విరివిగ స్వీకరించినచో ఎంత మేలగునో చెప్పనక్కరలేదు.

4

ఇప్పుడు రాగి-ఇండియం-గాలియం-సెలీనియం ఘటమును అస్ఫటిక సిలికాన్ ప్రక్కన నిలిపి చూడవలెను. నా వాదము నిలుచుటయో కూలుటయో ఈ పోలికమీదనే యున్నది.

దీనికి మొదటి ఉపకారము తలవని తలంపుగా గాజునుండి వచ్చినది. 500 డిగ్రీలకు పైగా వేడిమిలో ఈ పొరను వేయుచుండగా, క్రిందనున్న సాధారణ కిటికీగాజులోని సోడియం, నడుమనున్న లోహపు పూతను దాటి పైకి పాకి పొరలో చేరుచుండెను. ఖరీదైన సోడియం లేని గాజులమీద వేసిన ఘటములకంటె చవుకగాజుమీద వేసినవే మెరుగుగా నుండుట 1993 ప్రాంతమున స్వీడన్ పరిశోధకులకు అంతుబట్టి, సోడియం పాత్ర తేటపడినది. 2013లో స్విట్జర్లండులోని ఎంపా సంస్థ పరిశోధకులు పొరను వేసిన పిమ్మట పొటాషియం ఫ్లోరైడుతో కాచి, వంగెడు ప్లాస్టిక్ రేకుమీదనే 20.4 శాతమును అందుకొనిరి. పూర్తియైన ఘటమును గాలిలో 200 డిగ్రీల చెంత కొద్ది నిమిషములు కాచుట అంతకుముందునుండియే వాడుకలోనున్న చికిత్స. గాలిలోని ప్రాణవాయువు రేణువుల ఉపరితలముపై సెలీనియం లేని ఖాళీలను పూరించి వాటి కీడును మాన్పునని 1989లో కాహెన్, నౌఫీ అనువారు వివరించిరి.

ఇంతవరకు వేడి ఉపకారియే. కాని అదే ఘటమును చీకటిలో వేడిగ నిలువయుంచినచో దాని వోల్టేజి తగ్గును. ఎండలోనికి తెచ్చి ఉంచగా మరల పెరుగును. దీనినే పరిశోధకులు లైట్ సోకింగ్ అందురు. 2006లో లానీ, జుంగర్ అను సిద్ధాంతవేత్తలు దీనికొక కారణమును ప్రతిపాదించిరి. సెలీనియం ఒకటి, రాగి ఒకటి లేక ఏర్పడిన జంటఖాళీ, వెలుతురువలన పుట్టిన ఎలక్ట్రానును పట్టుకొనినపుడు చుట్టునున్న అణువులు కొంచెము దగ్గరకు జరిగి, ఎలక్ట్రానులనిచ్చెడు ఆ లోపమే ఎలక్ట్రానులను గ్రహించెడు లోపముగా మారిపోవును; తిరిగి వచ్చుటకు వేడియు కాలమును పట్టును. సోడియం, పొటాషియం వంటి క్షారలోహములు చేరిన పొరలలో వేడియు వెలుతురును ఒకేసారి ప్రయోగించిన సంయుక్తచికిత్స మరింత మేలుచేయుటను జపాను పరిశోధకులు విశేషముగా అధ్యయనము చేసిరి.

అస్ఫటిక సిలికాన్‌కు వెలుతురు రోగము, వేడి మందు. ఈ ఘటమునకు చీకటిలోని వేడి రోగము, వెలుతురు మందు. రెండును పలుచపొరలే, రెండింటిమీదను పడునది ఒకే సూర్యకిరణము. కావున వెలుతురు మంచిదా, వేడి చెడ్డదా అను ప్రశ్నయే తప్పు. ఏ పదార్థములో ఏ లోపము కదలగలదు, దాని నేది కదపగలదు అనునదే అడుగవలసిన ప్రశ్న.

5

నవీనమైన రెండు పదార్థములను వేగముగ ముట్టి విడిచెదను.

ఇండియం అరుదైనదని, దానికి బదులు జింకును తగరమును చేర్చి చేసిన రాగి-జింకు-తగర గంధకపు పొరపై తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ భౌతికశాస్త్ర శాఖతో సహా మన దేశపు ప్రయోగశాలలు పెక్కు పనిచేసినవి. దీనిలో రాగియు జింకును దాదాపు ఒకే పరిమాణముగల అణువులగుటవలన ఒకదాని స్థానమున నొకటి కూర్చుండును. 260 డిగ్రీల చెంత ఈ క్రమము చెదరుననియు, ఆ హద్దుకు దిగువ బహుమెల్లగ చల్లార్చినచో క్రమము కొంత తిరిగి వచ్చుననియు 2014లో స్క్రాగ్, ఆయన సహచరులు కనుగొనిరి. దానిని చూపినది మరల రామన్ వర్ణపటమే. అణువుల అమరికలోని సౌష్ఠవము చెదిరినపుడు వర్ణపటము మారునని జీవితమంతయు బోధించిన ఆచార్యుని పేర జరుగు సభలో ఈ మాట చెప్పుట నాకు సంతోషము.

రెండవది పెరోవ్‌స్కైట్. 2009లో జపానులో మియాసకా బృందము చేతిలో 3.8 శాతముతో పుట్టి నేడు 26 శాతమును దాటినది. దీనిని ద్రావణమునుండి పూసి 100 డిగ్రీల చెంత పది నిమిషములు కాచినచాలును. ఇంత తేలికగ పుట్టునది అంత తేలికగనే కదలును. బ్రోమైడు, అయోడైడు కలిసిన పెరోవ్‌స్కైట్‌మీద వెలుతురు పడగానే నిమిషములలో ఆ రెండును వేరువేరు దిబ్బలుగా విడిపోవుననియు, చీకటిలో ఉంచగా మరల కలిసిపోవుననియు 2015లో స్టాన్‌ఫర్డులోని హోక్, మెక్‌గిహీ ప్రభృతులు చూపిరి. ఈ జాతికి చెందిన మిథైల్ అమ్మోనియం లెడ్ అయోడైడ్ 55 డిగ్రీల ప్రాంతమున తన స్ఫటికరూపమునే మార్చుకొనును. ఆ 55 డిగ్రీలను మీరు గుర్తుంచుకొనుడు.

6

సౌరఫలకము వెనుక అతికించిన చీటిమీది సంఖ్య ఎక్కడిది? చదరపు మీటరునకు 1000 వాట్ల వెలుతురులో, ఘటము వేడిమి 25 డిగ్రీలలో ఉండగా కొలిచినది. మన దేశమున మే మాసపు మధ్యాహ్నమున గాలియే 42 డిగ్రీలుండగా, గాలి వీచని చోట ఫలకము దానికంటె పాతిక ముప్పది డిగ్రీలు హెచ్చుగ కాగును. రెంటచింతలలోనో రామగుండములోనో ఎండ నెరిగినవారికి 65, 70 డిగ్రీల ఫలకము ఆశ్చర్యము కలిగింపదు. చీటిమీది పరిస్థితి మన నేలమీద సంభవించుట అరుదు.

వేడి పెరిగినకొలది ఏ ఘటమునకైనను తాత్కాలికముగ కొంత శక్తి తగ్గును. సాధారణ స్ఫటిక సిలికాన్ ఫలకమునకు డిగ్రీకి 0.4 శాతము ప్రాంతము. నూతన నిర్మాణములలో అది 0.3 వరకు దిగినది. కాడ్మియం టెల్యురైడ్‌కు 0.3కు లోపు, అస్ఫటిక సిలికాన్‌కు 0.2 చెంత. ఫలకము 65 డిగ్రీలకు కాగినచో, 25కు మీది 40 డిగ్రీలకు మొదటిదానిలో 16 శాతము, చివరిదానిలో 8 శాతము తరుగును. ఇది సాయంకాలము ఫలకము చల్లారగానే తిరిగి వచ్చు నష్టము. నేను ఇంతసేపు చెప్పిన లోపముల పుట్టుకయు మానుటయు వేరు; అది చల్లార్చినంత మాత్రమున పోదు. కొలతలో ఈ రెండింటిని కలగాపులగము చేసిన నివేదికలు తరచుగ కనబడుచున్నవి. మొదటిది ఒక పూటలో కొలువవచ్చును. రెండవదానికి ఋతుచక్రము కావలెను.

అంతర్జాతీయ ప్రమాణకర్తలు ఈ చిక్కును ఎరుగనివారు కారు. 1996లో వెలువడిన ఐ.ఇ.సి. 61646 అను ప్రమాణము పలుచపొర ఫలకములను కొలుచుటకు ముందు వెలుతురులో ఉంచి నిలకడకు తేవలెనని శాసించినది. 50 డిగ్రీలకు పది అటునిటు వేడిమిలో, చదరపు మీటరునకు 43 కిలోవాట్ అవర్ల చొప్పున వెలుతురునిచ్చుచు, వరుస కొలతలు రెండు శాతములోపల కలియువరకు కొనసాగింపవలెను. 43 కిలోవాట్ అవర్లనగా మన ఎండలో ఇంచుమించు ఎనిమిది దినములు. ఈ ఏర్పాటు తరువాతి ప్రమాణములలోనికి మార్పులతో చేరినది. ఇది వివేకమైన ఏర్పాటే. కాని 50 డిగ్రీల దగ్గర నిలకడకు వచ్చిన లోపముల సంఖ్య 70 డిగ్రీల దగ్గరి నిలకడ కాదు. అస్ఫటిక సిలికాన్‌కు ఆ భేదము మేలు. పెరోవ్‌స్కైట్‌కు, 55 డిగ్రీల హద్దు దాటుటచేత, అది ప్రాణసంకటము కావచ్చును. ఐరోపా ఎండకు కుదిరిన చికిత్స కర్నూలు ఎండకు కుదురునని ముందుగా అనుకొనుట శాస్త్రము కాదు.

కర్నూలు చెంత వేయి మెగావాట్ల సౌరోద్యానము 2017 నుండి పనిచేయుచున్నది. కాడ్మియం టెల్యురైడ్ ఫలకములను చేయు పెద్ద కర్మాగారము 2024లో చెన్నై చెంత ఆరంభమైనది. పలుచపొర మనకిక దూరదేశపు వార్త కాదు. అందుచేత పరిశోధకులకును, వారికి ధనమిచ్చువారికిని నా విన్నపము మూడు మాటలలో చెప్పెదను. దక్షతను ప్రకటించు ప్రతి వ్యాసములోను, కొలతకు ముందు ఘటము ఎంతకాలము చీకటిలోనుండెనో, ఎంత వేడిమిలో నుండెనో, ఎంత వెలుతురును త్రాగెనో దక్షతతోపాటు అచ్చువేయుడు. కాచకముందును, కాచిన పిమ్మటను, వెలుతురులో ఉంచిన పిమ్మటను తీసిన మూడు విద్యుత్ప్రవాహ-వోల్టేజి వక్రరేఖలను ప్రకటింపుడు. మెరుగైన ఒక్కదానిని ఏరి చూపకుడు. రాయలసీమలో ఒకటి, ఉత్తర తెలంగాణలో ఒకటి, సముద్రతీరపు ఉక్కబోతలో ఒకటి చొప్పున, అన్ని జాతుల పలుచపొర ఫలకములను ప్రక్కప్రక్కన నిలిపి, ఋతువులవెంబడి కొలుచు క్షేత్రములను విశ్వవిద్యాలయములు ఉమ్మడిగా నడుపవలెను. దానికి కావలసిన పరికరములు ఖరీదైనవి కావు. కావలసినది ఏండ్ల తరబడి విడువక కొలుచు ఓర్పు.

విద్యార్థులారా, రేపు మీరు ప్రయోగశాలకు పోయినపుడు మీ ఘటము సంఖ్యను వ్రాయుటకుముందు దాని చరిత్రను వ్రాయుడు. మీ ప్రయోగశాల పుస్తకములో తేది, వేడిమి, వెలుతురు, చీకటిలో గడచిన గంటలు అను నాలుగు నిలువుగీతలను ఈ దినముననే గీయుడని మిమ్ములను కోరుచున్నాను.